మెష్ ప్రాక్సీల టెస్టింగ్ కళాశాల ల్యాబుల్లోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో గూగుల్ ఏఐ హబ్ పెడుతున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పటి నుంచి రాబోయే ఉద్యోగాల గురించే అందరూ మాట్లాడుతున్నారు. ఆ ఉద్యోగాలకు పిల్లలు ఏ పనితనంతో వెళ్లాలన్నది కూడా మాట్లాడుకోవాలి. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుల్లో మైక్రోసర్వీసులు (ఒక అప్లికేషన్‌ను చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టడం), వాటి మధ్య ట్రాఫిక్‌ను చూసుకునే ఇస్టియో, ఎన్వాయ్ అని రాస్తున్నారు. టెస్టింగ్ అధ్యాయంలో మాత్రం పేజీ తెరుచుకున్న స్క్రీన్‌షాట్ తప్ప మరొకటి ఉండదు. ఆ లోటు తీర్చడం కష్టమైన పనేమీ కాదు, అందుకే ఈ లేఖ.

సర్వీస్ మెష్ అంటే ఈ సర్వీసుల మధ్య రాకపోకలను నడిపే వ్యవస్థ. అందులో ప్రతి సర్వీసు పక్కనా ఒక ప్రాక్సీ, అంటే మధ్యవర్తి ప్రోగ్రామ్, ఉంటుంది. మన రేవులోకి వచ్చే ఓడను పైలట్ నడిపించినట్టు, ప్రతి రిక్వెస్టూ ఆ ప్రాక్సీ చేతిమీదుగానే లోపలికి రావాలి, బయటికి పోవాలి. రీట్రైలు (విఫలమైతే మళ్లీ పంపడం), టైమౌట్లు (జవాబు కోసం ఆగే గడువులు), సర్టిఫికెట్ల తనిఖీ అన్నీ దాని పనే. లిఫ్ట్ సంస్థ 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఎన్వాయ్ ఇలాంటిదే. మరుసటి ఏడాది వచ్చిన ఇస్టియో కూడా దాని మీదే నిలబడింది. మాక్‌లతో (అసలు సర్వీసుకు బదులు పెట్టే నకళ్లతో) రాసే యూనిట్ టెస్టుల్లో ప్రాక్సీయే ఉండదు కనుక దాని తప్పులు అక్కడ బయటపడవు. అసలు ప్రాక్సీనే కంటైనర్‌లో (డాకర్ వంటి సాధనం ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే డబ్బాలో) లేపి టెస్టు చేయాలి.

ఇందుకు క్లస్టర్ (చాలా యంత్రాల సముదాయం) అక్కర్లేదు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక ఎన్వాయ్, రెండు బ్యాకెండ్లు (జవాబిచ్చే సర్వీసులు), ఒక క్లయింటు (రిక్వెస్టు పంపేది) హాయిగా నడుస్తాయి. టెస్టు కోసం కంటైనర్లను లేపి దించే టెస్ట్‌కంటైనర్స్ లైబ్రరీ జావా, గో, పైథాన్‌లలో దొరుకుతుంది. కంటైనర్లకు డాకర్ తనంతట ఇచ్చే డిఫాల్ట్ బ్రిడ్జి నెట్‌వర్కు కాకుండా సొంతంగా ఒక నెట్‌వర్కు సృష్టించుకోవాలి. డిఫాల్ట్ బ్రిడ్జిలో ఒక కంటైనర్ ఇంకొకదాన్ని పేరుతో పిలవలేదు. ఎన్వాయ్ స్థితిని, లెక్కలను చూపే అడ్మిన్ పోర్టును 127.0.0.1కి (కంటైనర్ లోపలికే పరిమితమైన చిరునామాకు) కట్టేస్తే, ఆ పోర్టును పబ్లిష్ చేసినా (బయటికి తెరిచినా) బయటి టెస్టుకు అందదు. టెస్టు కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) 0.0.0.0 (అన్ని చిరునామాలు) పెట్టాలి. సర్టిఫికెట్ తాలూకు కీ ఫైలుకు 600 పర్మిషన్ (యజమాని మాత్రమే చదవగలిగేది) ఉంటే కంటైనర్ లోపలి ఎన్వాయ్ యూజర్ దాన్ని చదవలేడు, ప్రాక్సీ మొదట్లోనే ఆగిపోతుంది. అప్లికేషన్, ప్రాక్సీ ఒకే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (చిరునామాలు, పోర్టుల విడి సమితి) పంచుకుంటుంటే, ఆ నేమ్‌స్పేస్ ఏ కంటైనర్‌దో పోర్టులు దాని మీదే పబ్లిష్ చేయాలి. ఐపీటేబుల్స్ అనే లినక్స్ సాధనంతో ట్రాఫిక్ మళ్లించేవారు నాట్ టేబుల్‌ను (చిరునామాలు మార్చే రూల్స్ పట్టికను) మొత్తం తుడిచేయకూడదు. పేర్లను చిరునామాలుగా మార్చే డాకర్ డీఎన్ఎస్ 127.0.0.11 నడిచేది అందులోని రూల్స్ మీదే. తుడిచేస్తే పేర్లు దొరకవు, నెపం ప్రాక్సీ మీదికి పోతుంది.

అన్నిటికంటే ముందు రాయాల్సిన టెస్టు ఒకటుంది: రిక్వెస్టు నిజంగా ప్రాక్సీ గుండానే వెళ్లిందా? జవాబు 200 (అంతా సవ్యమన్న కోడ్) వచ్చిందంటే అది రుజువు కాదు. క్లయింటు నేరుగా బ్యాకెండ్‌ను పట్టుకున్నా 200 వస్తుంది. ఇస్టియో పద్ధతిలో 1337 యూజర్ ఐడీ నుంచి బయటికి పోయే ట్రాఫిక్‌ను మళ్లించరు, ఎందుకంటే అది ప్రాక్సీ సొంత ఐడీ. అప్లికేషన్‌ను కూడా అదే ఐడీతో నడిపితే దాని ట్రాఫిక్ ప్రాక్సీని తప్పించుకుని పోతుంది, టెస్టులు మాత్రం పచ్చగానే (నెగ్గినట్టే) ఉంటాయి. అందుకే టెస్టుకు ముందూ తర్వాతా అడ్మిన్ పోర్టులో స్టాట్స్ చదివి, అప్‌స్ట్రీమ్ (ప్రాక్సీ బ్యాకెండ్‌కు పంపిన) రిక్వెస్టుల లెక్క సరిగ్గా ఎంత పెరిగిందో చూడాలి.

రీట్రైల దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు రెండుసార్లు కోతపడేది ఇక్కడే. బ్యాకెండ్ రెండుసార్లు 503 (సర్వీసు అందుబాటులో లేదన్న కోడ్) ఇచ్చి మూడోసారి 200 ఇచ్చేలా రాయండి. రీట్రైలు 2, షరతు 5ఎక్స్ఎక్స్ (500 వరస ఎర్రర్ ఏదైనా) అని పెట్టండి. బ్యాకెండ్‌కు చేరినవి 3, రీట్రై కౌంటర్ 2 ఉండాలి. తర్వాత అదే పని పోస్ట్ (సమాచారం పంపే) రిక్వెస్టుతో చేయండి. ఈ షరతుతో ఎన్వాయ్ గెట్‌కూ (సమాచారం అడిగేదానికీ) పోస్ట్‌కూ తేడా చూడదు, చెల్లింపు రిక్వెస్టునూ మళ్లీ పంపుతుంది. పిల్లలు ఇది కళ్లారా చూడాలి.

ఆపై బ్యాకెండ్‌ను డాకర్ పాజ్‌తో స్తంభింపజేయండి. స్టాప్ చేయడం వేరు, పాజ్ వేరు. స్టాప్ చేస్తే కంటైనర్ పేరు కూడా డీఎన్ఎస్ నుంచి పోతుంది. పాజ్‌లో మాత్రం కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కనెక్షన్ తీసుకుంటుంది, జవాబే రాదు. బయట సర్వీసులు మొరాయించేది ఎక్కువగా ఈ రెండో తీరులోనే. అప్పుడు ఎన్వాయ్ రూటుకు డిఫాల్ట్‌గా ఉండే 15 సెకన్ల టైమౌట్ పూర్తయి 504 (గడువు దాటిందన్న కోడ్) వస్తుంది. రీట్రైలు 2 అని రాసి ఉన్నా ఒక్కటీ జరగదు, ఎందుకంటే ఆ 15 సెకన్లు అన్ని ప్రయత్నాలకూ కలిపి. ఒక్కో ప్రయత్నానికి విడిగా 1 సెకను టైమౌట్ పెడితేనే రీట్రై మొదలవుతుంది. ఒకేసారి చాలా రిక్వెస్టులు పంపితే ఇంకోటి తేలుతుంది: ఏకకాలంలో నడిచే రీట్రైలకు డిఫాల్ట్ పరిమితి 3. అది దాటినవి రీట్రై ఓవర్‌ఫ్లో కౌంటర్‌లో కనిపిస్తాయి.

సర్టిఫికెట్ల విషయంలో ఒప్పుకునే టెస్టుకంటే తిరస్కరించే టెస్టులు ముఖ్యం. అసలు సర్టిఫికెట్ లేకుండా, గడువు తీరినదానితో, వేరే సర్వీసు పేరున్నదానితో వెళ్లి చూడాలి. ఇస్టియో డిఫాల్ట్ పర్మిసివ్ మోడ్‌లో సాదా హెచ్‌టీటీపీ కూడా లోపలికి వస్తుంది కనుక, ఒక్క విజయం చూసి ఎమ్‌టీఎల్ఎస్ (ఇరువైపులా సర్టిఫికెట్ తనిఖీ) ఉందనుకోకూడదు. కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ ప్రొటోకాల్ 1.3 వెర్షన్‌లో క్లయింటు వైపు హ్యాండ్‌షేక్ (మొదటి పరస్పర ఒప్పందం) అయిపోయినట్టే ఉంటుంది, తిరస్కరణ మొదటి రీడ్‌లో తెలుస్తుంది. కనెక్షన్ దగ్గరే ఎర్రర్ వస్తుందని రాసిన టెస్టు ఇక్కడ తప్పుతుంది. సర్టిఫికెట్లను రెపోలో (కోడ్ దాచే చోట) దాచకుండా టెస్టు మొదలైనప్పుడే పుట్టించాలి.

ఒకసారి నెగ్గి మరోసారి ఓడే టెస్టులకు పెద్ద కారణం స్లీప్, అంటే లెక్కగట్టిన సెకన్లు ఊరికే ఆగడం. 5 సెకన్లు ఆగి పంపడం కాదు, అడ్మిన్‌లోని రెడీ చిరునామా 200 ఇచ్చేదాకా అడుగుతూ ఉండాలి. కొత్త కాన్ఫిగ్ పంపినప్పుడు కాన్ఫిగ్ డంప్‌లో (ఎన్వాయ్ ప్రస్తుతం వాడుతున్న సెట్టింగుల జాబితాలో) అది కనిపించేదాకా ఆగాలి. రెండో కారణం వర్కర్ థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన పనిచేసే భాగాలు). ఎన్వాయ్ డిఫాల్ట్‌గా సీపీయూ థ్రెడ్లు ఎన్ని ఉంటే అన్ని వర్కర్లను నడుపుతుంది, రౌండ్ రాబిన్ (బ్యాకెండ్లకు వంతులవారీగా పంపే) వరస ఒక్కో వర్కర్‌కు వేరు. వరస ఖచ్చితంగా ఉండాల్సిన టెస్టులో కాంకరెన్సీ (వర్కర్ల సంఖ్య) 1 పెట్టాలి. కంటైనర్‌ను పుట్టించే ఇమేజ్‌కు కచ్చితమైన వెర్షన్ రాయాలి. కళాశాల మొత్తం ఒకే పబ్లిక్ ఐపీ వెనుక ఉంటే లాగిన్ లేని డౌన్‌లోడ్లకు డాకర్ హబ్ (ఇమేజ్‌లు దొరికే సైటు) పరిమితి త్వరగా తగులుతుంది, కాబట్టి ల్యాబులో ఒక లోకల్ రిజిస్ట్రీ (ఇమేజ్‌ల స్థానిక నిల్వ) పెట్టడం మంచిది.

మా విన్నపం ఇంతే. నగరంలోని కళాశాలలు క్లౌడ్ ల్యాబులో మూడు పీరియడ్లు దీనికి కేటాయించాలి: మొదటిది ప్రాక్సీ గుండా వెళ్లిందని రుజువు చేసే టెస్టుకు, రెండోది పాజ్ చేసిన బ్యాకెండ్‌కు, మూడోది తప్పుడు సర్టిఫికెట్‌కు. వైవాలో పచ్చ టిక్కుతో పాటు, ఓడిన టెస్టు తాలూకు కాన్ఫిగ్ డంపు, రెస్పాన్స్ ఫ్లాగులతో (జవాబు ఎందుకు అలా వచ్చిందో చెప్పే గుర్తులతో) ఉన్న యాక్సెస్ లాగు కూడా అడగాలి. మీ విద్యా పేజీలో ఈ విషయానికి చోటిస్తే అధ్యాపకుల దృష్టికి వెళ్తుంది.

భవదీయులు,
సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజినీర్లు కొందరు,
మధురవాడ, విశాఖపట్నం