ఆ షీటుకు సరిగ్గా తాళం వేయించండి సార్: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మధ్యాహ్న భోజనం నెలవారీ ఎక్సెల్ షీటు గురించి మీ ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

నేను మండలంలో ఎంఐఎస్ కోఆర్డినేటర్ని. మీరు పంపే ఫైలును 46 బడులకు వాట్సాప్ చేసి, తిరిగొచ్చినవన్నీ కలిపేది నేనే. పోయిన నెల ఒక బడిలో టీచరమ్మ ఫోన్‌లో ఫైలు తెరిచి, బియ్యం గడిలో 4.2 కొట్టారు. అక్కడ ఉండాల్సింది హాజరును 0.1తో గుణించే ఫార్ములా. ప్రైమరీలో పిల్లకు 100 గ్రాములు కదా. తర్వాత హాజరు 42 కాదు 57 అని సరిదిద్దారు. బియ్యం మాత్రం 4.2 దగ్గరే ఉండిపోయింది. స్టాక్ రిజిస్టర్లో 5.7 ఉంది. ఆ కిలోన్నర ఏమైందని హెచ్చెమ్ గారికి మెమో వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో పిల్లల బియ్యం తిన్నారన్న మాట పడ్డారు సార్ ఆయన. ఫోన్‌లో చూస్తే ఫార్ములా గడీ, మామూలు గడీ ఒకేలా కనిపిస్తాయి. ఆ టీచరమ్మను ఏమని తప్పుపట్టాలి? ఆ ఒక్క గడి దొరికేసరికి నాకు రాత్రి పదకొండున్నర అయింది.

అంతకుముందు ఒకసారి మీ వాళ్లు షీటు మొత్తానికీ పాస్‌వర్డ్ పెట్టారు. హాజరు కూడా ఎక్కలేదు. టీచర్లు కాగితం మీద రాసి ఫొటోలు పెడితే 46 బడులవీ నేనే టైపు చేశాను. మరుసటి నెల తాళం మొత్తం తీసేశారు. ఉంటే అంతా మూత, లేకుంటే అంతా బార్లా!

ఎక్సెల్‌లో ప్రతి గడికీ లాక్డ్ టిక్కు ముందే ఉంటుంది, షీటును ప్రొటెక్ట్ చేసేదాకా అది పనిచేయదు, అంతే. హాజరు, గుడ్ల గడులు సెలెక్ట్ చేసి, ఫార్మాట్ సెల్స్‌లో ప్రొటెక్షన్ కింద ఆ టిక్కు తీసి, ఆపైన రివ్యూలో ప్రొటెక్ట్ షీట్ నొక్కితే చాలు. నింపాల్సినవి నిండుతాయి, ఫార్ములాల జోలికి ఎవరూ పోలేరు. డేటా వాలిడేషన్ (గడిలో అంకెలే పడాలన్న షరతు) కూడా పెడితే "42 మంది" అని రాసేవాళ్లను షీటే ఆపుతుంది. నేనే చేసి పంపితే జిల్లా ప్రొఫార్మా ముట్టుకోవద్దన్నారు.

మీ దగ్గర పది నిమిషాల పని సార్. వచ్చే నెల ఫైలైనా ఇలా చేయించి పంపండి. ఆ హెచ్చెమ్ గారి మెమో వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
ఒక మండల ఎంఐఎస్ కోఆర్డినేటర్