వదిలేసిన చేప బతుకుతోందా?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు దాటితే చాలు, అమెరికాలోని మనవాళ్లు పెద్ద వాలై (walleye) చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకున్న ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లోనూ, ప్రవాస పేజీల్లోనూ కనిపిస్తాయి. కింద ‘ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేశాం’ అని ఉంటుంది. వదలాలనుకోవడం మంచి బుద్ధే. కానీ రిజర్వాయరులో చలికాలం లోతు నుంచి లాగిన వాలై, వదిలినా చాలాసార్లు బతకదు. డకోటాల్లో, మినెసోటాలో కొత్తగా గాలం పట్టిన మన పిల్లలకు ఈ సంగతి చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాలై మంచినీటి చేప. మన పండుగప్పకు లాగే దీని కళ్లు కూడా చీకట్లో లైటు పడితే మెరుస్తాయి. కంటి లోపల వెలుతురును తిప్పికొట్టే పొర ఉంది కాబట్టి మసక వెలుతురులో దీనికి ఎర చేపలకన్నా బాగా కనిపిస్తుంది. అందుకే తెల్లవారుజామున, పొద్దు గూకే వేళ, మబ్బు పట్టి అలలు లేచిన రోజున బాగా మేస్తుంది.

నార్త్ డకోటాలో మిస్సోరి నదికి 1953లో గారిసన్ డ్యామ్ అడ్డుపడ్డాక ఏర్పడిన సకాకవియా రిజర్వాయరునే తీసుకుందాం. వేసవిలో వెచ్చటి నీరు పైన, చల్లటి నీరు కింద పొరలుగా ఉంటాయి. చలి మొదలయ్యాక పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. పొరలన్నీ కలిసిపోతాయి. ఆ వారం పది రోజులు చేపలు చెదిరిపోయి ఉంటాయి, ఎంత తిరిగినా ఫలితం తక్కువే. పైనీరు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వచ్చాక వాలైలు మళ్లీ గుంపు కడతాయి. స్మెల్ట్ అనే చిన్న చేపల వెంటపడి పాత నదీగర్భం అంచులకు, నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన గట్ల చివర నిటారుగా దిగే వాలులకు చేరతాయి. లోతు 25 అడుగుల నుంచి 45 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

అక్కడ జిగ్ పని చేస్తుంది. అంటే సీసపు తలకాయ ఉన్న గాలం. 20 అడుగుల లోపు పావు ఔన్సు చాలు, 35 దాకా ఔన్సులో ఎనిమిదింట మూడు వంతులు, గాలి ఎక్కువైతే అర ఔన్సు. మూడు నాలుగు అంగుళాల బతికున్న ఎర చేప నోట్లోంచి గాలం గుచ్చి తలపైకి తీయాలి. దారం బోటు కింద నిలువుగా ఉండాలి. ఏటవాలుగా పోతోందంటే బోటు వేగం ఎక్కువైందని అర్థం. ముందుభాగాన్ని గాలికి ఎదురుగా తిప్పండి, లేదా బరువు పెంచండి. అడుగు తాకించి ఆరు అంగుళాలు ఎత్తి, మెల్లగా దించండి. ఎర దిగేటప్పుడే చేప అందుకుంటుంది. చన్నీళ్లలో అది గట్టిగా లాగదు, తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు తెలుస్తుంది అంతే. రాడ్ కొనను కాస్త దించి అప్పుడు లాగాలి. ఎర తోక మాత్రమే కొరికి వదిలేస్తుంటే వెనకాల మూడు అంగుళాల దారంతో చిన్న మూడు ముళ్ల గాలం జోడించండి. బ్లేడ్ అనే లోహపు రేకు ఎర వాడేవాళ్లు దాన్ని ఒక అడుగు ఎత్తుకు మించి ఎగరేయకూడదు. దారం వదులై ముళ్లకు చుట్టుకుంటుంది, ఆ తర్వాత ఎంత ఆడించినా చేప పడదు.

ఇక అసలు విషయం. నీటిలో 33 అడుగులు దిగితే ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడి నుంచి చేపను పైకి లాగితే దాని కడుపులోని గాలితిత్తి రెండింతలు ఉబ్బుతుంది. మన బొచ్చెకు, శీలావతికి గాలితిత్తి నుంచి గొంతులోకి సన్నటి గొట్టం ఉంటుంది కాబట్టి అవి గాలి వదిలేసుకోగలవు. వాలైకి ఆ గొట్టం లేదు. గాలి రక్తంలో కలిసి మెల్లగా తగ్గాల్సిందే, అందుకు గంటలు పడుతుంది. నిమిషంలో పైకొచ్చిన చేపకు ఆ వ్యవధి ఎక్కడిది? పొట్టసంచి నోట్లోకి తన్నుకొస్తుంది, కళ్లు ఉబ్బుతాయి, లోపల రక్తనాళాలు చిట్లుతాయి. వదిలితే తోక ఆడించి కిందికి పోయినట్టే కనిపిస్తుంది. పోయినట్టు కనిపించినంత మాత్రాన బతికినట్టు కాదు. సూదితో పొడిచి గాలి తీస్తామంటారు కొందరు. చోటు తప్పితే ఆ సూదే గుండెకో కాలేయానికో తగులుతుంది. చేయకండి.

చేయాల్సింది తేలిక. వదిలే ఉద్దేశం ఉంటే 25 అడుగుల లోపే వేటాడండి. చీకటి పడ్డాక వాలైలు రాళ్ల గట్ల మీద పది అడుగుల లోతుకే మేతకు వస్తాయి, అక్కడ పట్టినవాటిని నిశ్చింతగా వదలొచ్చు. అంతకన్నా లోతుకు వెళ్తే కొలత నిబంధనలకు లోబడి దొరికిన చేపను దొరికినట్టే ఉంచుకుని, ఆ రాష్ట్రంలో రోజుకు అనుమతించిన లెక్క పూర్తికాగానే గాలం చుట్టేయండి. పెద్దది దొరికిందని డబ్బాలో ఉన్న చిన్నదాన్ని నీళ్లలో పారేయడం చాలా తప్పు. పులుసుకైనా వేపుడుకైనా 15 నుంచి 18 అంగుళాల చేపే రుచి. 20 అంగుళాలు దాటినవి ఎక్కువగా ఆడచేపలు, వసంతంలో పెట్టబోయే గుడ్లు చలికాలానికే వాటి కడుపులో పెరుగుతుంటాయి. పైగా పెద్ద చేపలో పాదరసం ఎక్కువ, గర్భిణులకు, పిల్లలకు పెట్టకపోవడమే మంచిది. మీ పత్రికకు ఫొటో పంపినవాళ్లను ఎంత లోతులో పట్టారని అడిగి ఆ అంకె కూడా వేయండి.

నీరు గడ్డకట్టాక ఐసు మీద నిలబడి కూడా గాలం వేస్తారు కాబట్టి ఐసు గురించి కూడా చెప్పాలి. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో ఐసు విరిగి మన తెలుగువాళ్లు చనిపోయిన వార్త అందరం చదివాం. మినెసోటా సహజవనరుల శాఖ లెక్క ప్రకారం మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల కొత్త, గట్టి, పారదర్శకమైన ఐసు కావాలి. మంచు కలిసిన తెల్లటి ఐసు అయితే దానికి రెట్టింపు. రిజర్వాయరులో ఈ లెక్క కూడా సరిపోదు. నాగార్జునసాగర్‌లో నీటిమట్టం తగ్గితే ఒడ్డు బయటపడుతుంది. సకాకవియాలో చలికాలమంతా విద్యుత్తు కోసం నీరు వదులుతుంటారు, నీరు తగ్గినా ఒడ్డు దగ్గరి ఐసు పలక కింద ఆధారం లేకుండా వేలాడుతుంది. అది విరిగేది ఒడ్డు దిగే మొదటి అడుగుల్లోనే. వంతెనల కింద, వాగులు కలిసే చోట, నీళ్లలో మునిగిన దిబ్బల మీద కూడా పలచగా ఉంటుంది. ఇనుప గునపంతో ముందు పొడిచి చూసి తర్వాత అడుగేయండి, నాలుగైదు అడుగులకోసారి మళ్లీ పొడవండి. నిన్న బాగుందని ఇవాళ నమ్మొద్దు.

లైఫ్ జాకెట్ కోటు మీదే వేసుకోవాలి. మేకుల్లాంటి ఐసు పిడులు జత మెడలో వేలాడాలి, సంచిలో ఉంటే పనికిరావు. పడిపోతే మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవడానికే. తర్వాత చేతులు కాళ్లు మాట వినేది సుమారు పది నిమిషాలు. వచ్చిన దిక్కుకే తిరిగి, పిడులు ఐసులో గుచ్చి, కాళ్లు ఆడిస్తూ పొట్ట మీద పాకి, లేవకుండా దొర్లుకుంటూ ఒడ్డు వైపు రావాలి. పక్కనున్నవాళ్లు పరిగెత్తకూడదు. ముందు 911కు ఫోన్ చేసి, పడుకుని, 50 అడుగుల తాడు విసరాలి.

— ఒక పాఠకుడు, బిస్మార్క్, నార్త్ డకోటా