అట్లాంటాకు సముద్రం ఎక్కడిది?

సంపాదకుడికి,

మనవాళ్ళు ఎక్కువగా ఉండే అమెరికా నగరాల మీద గత ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసంలో అట్లాంటాను 'అట్లాంటిక్ తీరాన వెలసిన రేవు పట్టణం' అన్నారు. పేరు వినగానే సముద్రాన్ని తెచ్చి పక్కన పడేశారన్నమాట! అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలోనే సవన్నా అనే రేవు ఊరుంది, దాని దగ్గరి తీరం అక్కడికి దాదాపు 400 కిలోమీటర్లు. ఊరేమో సముద్ర మట్టానికి 300 మీటర్ల పైన, మిట్ట మీద ఉంది. రేవు మాట దేవుడెరుగు, సరుకు పడవలొచ్చే నది కూడా లేదు.

అది మా కాజీపేటలా రైలు పెంచిన ఊరు. టెనెస్సీ నది వైపు నుంచి జార్జియాలోకి రైలు మార్గం వేయడానికి 1836 డిసెంబరులో ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. లైను పేరు వెస్టర్న్ అండ్ అట్లాంటిక్. 1837లో చీఫ్ ఇంజనీరు స్టీఫెన్ హారిమన్ లాంగ్ దాని చివర ఎక్కడో గుర్తించి కొయ్య పాతించాడు. చట్టహూచీ నది ఒడ్డునే ఆపకుండా దాటించి మరికొన్ని మైళ్ళు తేవడానికి కారణముంది. అక్కడ మిట్టలు వచ్చి కలుస్తాయి. అగస్టా, మేకన్ ఊళ్ళ వైపు నుంచి వచ్చే లైన్లు వాగులూ లోయలూ దాటే పని లేకుండా ఆ మిట్టల మీదుగానే వచ్చి కలవొచ్చు. 1842లో శామ్యూల్ మిచెల్ అనే ఆసామి 5 ఎకరాలు ఉచితంగా ఇవ్వడంతో ఆ చివరను కాస్త తూర్పుకు జరిపారు.

ఇక పేరు. మొదట టెర్మినస్ అనేవారు. 1843 డిసెంబరులో మార్తాస్‌విల్ అయింది. మార్తా అంటే మాజీ గవర్నరు విల్సన్ లంప్‌కిన్ కూతురు. ఆ లంప్‌కిన్‌ను మీ వ్యాసం 'దార్శనికుడు' అని కీర్తించింది. అక్కడి ఆదివాసులైన చెరోకీలను వెళ్ళగొట్టాలని పట్టుబట్టిన వాళ్ళలో ఆయనొకడన్న సంగతి ఒక్క ముక్క లేదు. రైలుకు చట్టం చేసేనాటికి చట్టహూచీ నది అవతల చెరోకీలు ఇంకా కాపురాలు చేస్తున్నారు. 1838లో సైన్యాన్ని పెట్టి తరిమారు. ఇవతలి నేల క్రీక్ అనే మరో ఆదివాసీ జాతిది, 1821 ఒప్పందంలో వాళ్ళ చేయి దాటింది. అక్కడి మనవాళ్ళు అడ్రసు వెతుక్కుంటూ తికమకపడే పీచ్‌ట్రీ వీధుల పేరు స్టాండింగ్ పీచ్‌ట్రీ అనే క్రీక్ పల్లెను గుర్తుచేసేదే. మీ విలేఖరికి అందరూ 'రెడ్ ఇండియన్లే'!

మార్తాస్‌విల్ పేరు నచ్చక జార్జియా రైల్‌రోడ్ అనే మరో రైలు కంపెనీ అధికారి రిచర్డ్ పీటర్స్ తమ చీఫ్ ఇంజనీరు ఎడ్గర్ థామ్సన్‌ను మరో పేరు అడిగాడట. లైను పేరులోని అట్లాంటిక్‌ను స్త్రీలింగం చేసి ఆయన అట్లాంటా అన్నాడని పీటర్స్ తర్వాత చెప్పాడు. మార్తా నడిమి పేరు అటలాంటా అనీ, ఊరి పేరు అందులోంచే వచ్చిందనీ ఇంకో కథ. ఏది నమ్మినా రేవు మాత్రం రాదు. 1845 డిసెంబరులో శాసనసభ ఆ పేరును ఖాయం చేసింది, 1847 డిసెంబరులో నగర హోదా ఇచ్చింది.

ఒకప్పుడు పత్రికాఫీసులో అట్లాసు ఉండేది, తప్పు దిద్దే మనిషీ ఉండేవాడు. ఇప్పుడు రెండూ దండగ ఖర్చయ్యాయి కాబోలు. మున్సిపాలిటీల సంగతీ అంతే. అధ్యయన యాత్రలంటూ పెద్దలు దేశాలు తిరిగొస్తారు, వీధి బోర్డు మీద అక్షరదోషం మాత్రం దిద్దించలేరు.

సవరణ వేసే ఉద్దేశముంటే లోపలి పేజీలో చీమతలంత అక్షరాల్లో కాకుండా అదే అనుబంధంలో, అదే చోట వేయండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ పేజీలు కత్తిరించి దాచుకుంటున్నారు.

— ఒక పాఠకుడు, కాజీపేట