బొగ్గు గని చూపించిన బాబాయి గారికి

సంక్రాంతి సెలవుల్లో కోల్‌కతాలోని బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియంలో మాకు తోడు నడిచిన పెద్దాయనకు విజయనగరం నుంచి మా ఇంటిల్లిపాది నమస్కారాలు. పేరు అడిగితే "మనోళ్ళకి పేరెందుకమ్మా" అని నవ్వేశారు. అందుకే ఇలా రాస్తున్నాను.

గురుసదయ్ రోడ్డులోని ఆ భవనం ఒకప్పుడు బిర్లాల నివాసం. 1959 మే 2న మ్యూజియంగా తెరిచారు. అంత పెద్ద ఇంట్లో ఎటు వెళ్ళాలో తెలియక, మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అమ్మని పట్టుకుని నిలబడితే, మా మాట విని "ఏటమ్మా, మనోళ్ళేనా?" అంటూ వచ్చారు మీరు.

నమూనా బొగ్గు గని దగ్గర మీరు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. రాణిగంజ్ వైపు గనుల్లో పనిచేసిన మనిషి కదా! గని కార్మికుల కోసం 1815లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ చేసిన దీపం బొమ్మ టికెట్ వెనక గీసి, మంట చుట్టూ ఉండే సన్నని తీగల జాలీ వేడిని లాగేసుకుంటుందని, అందుకే బయట గనిలో ఉండే మండే గ్యాస్ అంటుకోదని మా పాపకి చెప్పారు. గ్యాస్ ఉంటే మంట మీద నీలి వెలుగు లేస్తుందనీ, అది కనబడితే వెనక్కి వచ్చేయాల్సిందేననీ అన్నప్పుడు మీ గొంతు మారింది. పాప కూడా గమనించింది.

ఇంటికొచ్చాక కొవ్వొత్తి మంటకి స్టీలు జల్లెడ అడ్డుపెట్టి చూపించాను. మంట పైకి రాలేదు. "తాతగారు చెప్పింది నిజమే!" అని గంతులేసింది.

అమ్మ కోసం ప్రతి మెట్టు దగ్గరా ఆగారు బాబాయి గారూ. ఇటొస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి.