మంత్రి గారూ, మేం వేరు చేసిన చెత్తను మీ బండి మళ్లీ ఎందుకు కలిపేస్తోంది?

పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు ఇచ్చినవి మూడు వినతిపత్రాలు. మూడూ అందినట్టు ముద్ర వేసిన రసీదులు నా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. మర్యాద తప్పానని అనుకోకండి, నాకు ఇంకో దారి కనపడలేదు.

నేను ఒక పర్యావరణ మాసపత్రికలో విలేఖరిని. చెత్త వేరు చేసే పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, దాన్ని మొదలుపెట్టింది మీరే. ప్రజల అలవాట్లు మార్చడానికి పత్రికలు సాయం చేయాలని ఆ రోజు మీరే అడిగారు. మేం చేశాం. ఏడాది పాటు ప్రతి సంచికలో రాశాం. తడి చెత్తలో ఎండుటాకులు ఎంత కలిపితే వాసన రాకుండా కంపోస్టు అవుతుందో రాశాం. నూనె అంటిన కాగితాన్ని పొడి చెత్తలో ఎందుకు వేయకూడదో రాశాం. ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఉండే అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందని, అది ఉన్నంత మాత్రాన ఆ డబ్బా రీసైకిల్ అవుతుందని కాదని బొమ్మలు వేసి మరీ చూపించాం. మా పాఠకులు నమ్మారు. ఇళ్లల్లో మూడు డబ్బాలు పెట్టుకున్నారు.

ఆ తర్వాత మాకు ఉత్తరాలు రావడం మొదలైంది. అన్నింటిలోనూ ఒకటే మాట. బండి వస్తోంది, తడి, పొడి, ప్రమాదకరం అని విడివిడిగా ఇచ్చిన మూడింటినీ ఒకే తొట్టిలో గుమ్మరించుకుని పోతోంది. ఒక పెద్దావిడ నాలుగుసార్లు రాశారు. నడుం నొప్పితోనే రోజూ కూర్చుని వేరు చేస్తున్నానని, తన కళ్ల ముందే కలిపేస్తుంటే ఇంకా ఎందుకు చేయాలో చెప్పమని అడిగారు. చివరి ఉత్తరంలో కోపం కూడా లేదు. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నమ్మకం కుదరక ఒకరోజు తెల్లవారుజామున నేనూ, మా ఫొటోగ్రాఫరూ చెత్త బండి వెనకే డంపింగ్ యార్డు దాకా వెళ్లాం. మీ పథకం పోస్టర్లలో ఉన్న బండికి అరలు ఉన్నాయి. వీధిలోకి వచ్చే బండికి లేవు. ఉన్నది ఒకటే తొట్టి అయితే ఆ కార్మికుడు మాత్రం ఏం చేస్తాడు? దయచేసి ఈ ఉత్తరం చదివి ఆయన మీద చర్య తీసుకోకండి. చేతికి గ్లోవ్స్ కూడా లేకుండా పగిలిన గాజు ముక్కలు ఏరుతున్న మనిషి ఆయన.

కలిపేస్తే ఏమవుతుందో మీ శాఖలోని ఇంజినీర్లకు బాగా తెలుసు. తడి చెత్త అంటిన కాగితం ఇక రీసైకిల్‌కు పనికిరాదు. తడి చెత్త గుట్ట అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కించే వాయువు. గుట్టలు రోజుల తరబడి తగలబడడానికీ అదే ఒక కారణం. ఇక ప్లాస్టిక్. 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఇంట్లో శుభ్రంగా విడదీసి ఇచ్చిన దాన్ని కూడా బురదలో కలిపేస్తే ఆ 9 శాతం పెరిగేది ఎలాగ?

యార్డుకు రోజుకు ఎన్ని టన్నులు వస్తోంది, అందులో విడివిడిగా వచ్చేది ఎంత, కంపోస్టు అయ్యేది ఎంత అని అడిగాం. మొదటి వినతిపత్రంలో అదే అడిగాం, రెండోదాంట్లోనూ అదే. దాచాల్సిన లెక్కలా అవి? 1992లో రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు ప్రకటనలో పదో సూత్రం, ప్రభుత్వాల దగ్గరున్న పర్యావరణ సమాచారం ప్రజలకు అందాలనే చెబుతోంది కదా.

పత్రికలో వచ్చిన దాన్ని ప్రభుత్వాలు పట్టించుకున్న రోజులు ఉన్నాయి సార్. 1962 జూన్‌లో అమెరికా రచయిత్రి, జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ పురుగుమందుల వల్ల జరిగే హాని గురించి రాసినది న్యూయార్కర్ పత్రికలో వరసగా వచ్చింది. పురుగుమందుల కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. అయినా అధ్యక్షుడు కెనెడీ తన శాస్త్ర సలహాదారులతో పరిశీలన చేయించారు, 1963 మేలో నివేదిక బయటికి వచ్చింది. ఏడాది కూడా పట్టలేదు. ఆమె రాసిన పురుగుమందుల్లో ఒకటైన డీడీటీ మీద అమెరికాలో నిషేధం వచ్చేసరికి 1972 అయింది, అది వేరే సంగతి. కనీసం విన్నారు. నన్ను ఆమెతో పోల్చుకోవడం లేదు. మేం అడుగుతున్నది అంత పెద్దదీ కాదు. బండికి అరలు పెట్టించండి. కార్మికులకు గ్లోవ్స్ ఇప్పించండి. లెక్కలు బయట పెట్టండి. ఒక్కసారి, ముందుగా ఎవరికీ చెప్పకుండా, ఉదయాన్నే ఒక బండి వెనక యార్డు దాకా వెళ్లి చూడండి. మీరు వస్తానంటే నేనూ వస్తాను.

ప్రజల్లో చైతన్యం రావాలని మీరు ప్రతి సభలో అంటున్నారు. వచ్చింది సార్. వచ్చిన చైతన్యం మా కళ్ల ముందే చచ్చిపోతోంది. వేరు చేయడం మానేశామని గత నెల కూడా కొందరు రాశారు. ఒకసారి మానేసిన మనిషిని మళ్లీ నమ్మించడం ఎంత కష్టమో ఈ పని చేసే మాకు తెలుసు.

ఆ పెద్దావిడ నాలుగో ఉత్తరానికి నేనింకా జవాబు రాయలేదు. ఆపేయమని రాయలేను. చేస్తూ ఉండండి అని రాయడానికి మనసు రావడం లేదు. అరలున్న బండి ఆవిడ వీధిలోకి ఎప్పుడు వస్తుందో ఒక్క తేదీ చెప్పండి, అదే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక పర్యావరణ మాసపత్రిక విలేఖరి