రేగడి నేలలో ఇంకని ఇంకుడు గుంతలు

సంపాదకుడు గారికి,

ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడి ఊర్లలో వాడేసిన నీళ్ల కోసం ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వడం ఆపాలి. నాలుగు వానలు పడితే అవి నిండి వీధిలోకి పొర్లుతాయి. అప్పుడు కట్టిన మేస్త్రీనో, ఇంటి ఆడవాళ్లనో తప్పుపడతారు. తప్పు వాళ్లది కాదు. ఎర్రనేలకు సరిపోయే గుంతను రేగడికీ రాసిపెట్టడమే తప్పు.

కుళాయి పథకం లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో స్నానాలు, బట్టలు, అంట్లు కలిపి సుమారు 190 లీటర్లు బయటికొస్తాయి. మీటరు పొడవు, వెడల్పు, లోతున్న గుంతలో రాళ్లు నింపాక సందుల్లో పట్టేది 400 లీటర్లే. నేల తాగకపోతే మూడో రోజుకే అంచు దాకా వస్తుంది.

ఇలాంటి పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే జరుగుతాయి. అప్పుడు రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది, పది బిందెలు పోసినా మింగేస్తుంది. చూసినవాళ్లు బాగుందని రాసుకుపోతారు. వాన పడగానే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఆపైన సబ్బు జిడ్డు, గంజి, వెంట్రుకలు కలిసి గుంత గోడలకు నల్లటి జిగురు పొర కడతాయి. ఆ పొర పట్టిందంటే కొంచెమో గొప్పో ఇంకే నేల కూడా ఇంకదు.

అందుకే తవ్వే ముందు నేలను పరీక్షించాలి. గుంత ఎంత లోతు అనుకున్నారో అంత లోతున అడుగు వెడల్పు గుంట తీసి, రెండు రాత్రులు నీళ్లు నిలిపి, తర్వాత మళ్లీ పోసి స్కేలుతో కొలవాలి. గంటకు అంగుళం కూడా దిగకపోతే అక్కడ ఇంకుడు గుంత మాట మరచిపోవాలి. నెర్రెల మీద నేరుగా పోసి చూసిన పరీక్ష పరీక్షే కాదు.

మరి రేగడి ఊరికి దారేమిటి? 1,500 జనాభా ఉన్న ఊర్లో రోజుకు దాదాపు 58 వేల లీటర్ల మురుగు వస్తుంది. కాలువ చివర ఇనుప జాలీ, దాని తర్వాత 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటి లోతుతో ఒక తొట్టి కడితే సగం రోజు నీళ్లు ఆగి మట్టి, బురద అడుగుకు చేరతాయి. అక్కణ్ణించి రెండడుగుల మందాన కంకర పరిచిన మడిలోకి వదలాలి. అందులో మెట్టతామర గానీ జమ్ము గానీ నాటాలి. నీళ్లు రెండు రోజులు ఆగాలంటే మడికి సుమారు 12 సెంట్ల స్థలం కావాలి. నీటి మట్టం కంకర పైభాగానికి రెండంగుళాలు కిందే ఉండాలి, పైకి తేలితే దోమలు పుడతాయి. గుంతను చెడగొట్టిన రేగడే ఇక్కడ మేలు చేస్తుంది. బాగా తొక్కించి దిమ్మిస చేస్తే అడుగున సిమెంటు అక్కర్లేదు. మడిని మాత్రం ఎండనివ్వకూడదు, ఎండితే మళ్లీ నెర్రెలే.

మడి దాటి బయటికొచ్చిన నీళ్లు పశుగ్రాసానికి, చెట్లకు పారించుకోవచ్చు, ఆకుకూరలకు వద్దు. మరుగుదొడ్డి ట్యాంకుల పైపులు వీధి కాలువలో కలిపిన ఊర్లలో ముందు వాటిని విడదీయాలి, లేదంటే మలం నేరుగా మడిలోకి చేరుతుంది.

డబ్బు లేదనడానికి లేదు. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊర్లకు ఈ పనికి తలకు 280 రూపాయల దాకా అనుమతి ఉంది. 1,500 మందికి 4,20,000 అవుతుంది. అందులో 30 శాతం పంచాయతీ ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి.

జిల్లా అధికారులను కోరేది ఒక్కటే. రేగడి ఊర్ల ఎస్టిమేట్లలో నేల పరీక్ష అంకె లేకపోతే సంతకం పెట్టకండి. జాలీ రోజూ శుభ్రం చేయడానికి, మూడు నెలలకోసారి తొట్టి పూడిక తీయడానికి అయ్యే కూలి కూడా అదే కాగితం మీద చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆలూరు, కర్నూలు జిల్లా