ఆదివారం వృద్ధుల వైద్య శిక్షణ: అందరూ చదవండి

మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు శిక్షణ. చోటు విశాఖ మహారాణిపేటలో మనం ఎప్పుడూ కలిసే హాలే. డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఫార్మసిస్టులు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, వేర్వేరు బ్యాచ్‌లు లేవు.

ఉదయమంతా మందుల మీదే. ప్రతి ఒక్కరూ 65 ఏళ్లు దాటిన ఒక రోగి మందుల జాబితా రాసుకుని రండి. రోగి పేరు, ఫోను నంబరు వద్దు. 5 లేదా అంతకు మించి మందులు వాడుతున్నవారైతే మరీ మంచిది. నిద్రమాత్రలు, జలుబుకని షాపులో అడిగి కొనుక్కున్న మాత్రలు కూడా రాయండి. చిక్కు తరచు అక్కడే ఉంటుంది. ఒక మందు వల్ల కళ్లు తిరిగితే, దానికి ఇంకో మందు రాసేస్తున్నాం!

తర్వాత నడక పరీక్ష. కుర్చీలోంచి లేచి, మామూలు వేగంతో 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పట్టిందంటే పడిపోయే ముప్పు ఉందని అనుమానించాలి. ఒకరికొకరు చేసి చూడాలి కాబట్టి జారని చెప్పులు వేసుకోండి.

మధ్యాహ్నం డిలీరియం. నిన్నటిదాకా బాగున్న మనిషి హఠాత్తుగా తికమకపడితే ‘వయసు కదా’ అని వదిలేయకూడదు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం నిలిచిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, అన్నీ చూడాలి. ఇక్కడ నర్సులే ముందు మాట్లాడతారు. రాత్రి డ్యూటీలో తేడా మొదట పసిగట్టేది వారే.

వచ్చేవారు గురువారం రాత్రిలోపు పేరు, వృత్తి ఇక్కడే రాయండి. భోజనాలు దాన్నిబట్టే చెబుతాం. పేరు రాయకుండా థంబ్స్-అప్ ఎమోజీ ఒక్కటే పెడితే లెక్కలోకి రాదు!

గాజువాక వైపువారు ఒక కారులో, మధురవాడ వైపువారు ఇంకో కారులో కలిసి వస్తే మేలు. హాలు దగ్గర బండి పెట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.